ఒంటికి పడే సబ్బు

పసుపు మరక పడ్డ తువ్వాలకు సబ్బు రుద్దితే మరక ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు వచ్చే ఎరుపూ అదే. పసుపులోని కర్క్యుమిన్‌కు క్షారం తగిలితే రంగు మారుతుంది. సబ్బుకు క్షారగుణం ఉందనడానికి మన ఇళ్లలో రోజూ కనబడే రుజువు ఇది. నూనెను కాస్టిక్ సోడాతో కలిపి చేసిన ఏ సబ్బుకైనా పీహెచ్ 9, 10 ప్రాంతంలో ఉంటుంది. మనిషి చర్మం పైపొర మాత్రం కొద్దిగా ఆమ్లం వైపు, 4.5కూ 5.5కూ నడుమ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం స్నానం తర్వాత కొన్ని గంటల్లో తన స్థితికి తాను వచ్చేస్తుంది. సున్నితమైన చర్మానికి ఆ శక్తి తక్కువ. దురద, మంట, మొహం బిగదీసినట్టు ఉండడం, మోచేతి మడతల్లో పొలుసులు మొదలవుతాయి. ఈ సబ్బు నా ఒంటికి పడలేదని మనవాళ్లు అనేది అప్పుడే.

చర్మం పైపొరను గూన పెంకుల కప్పులా ఊహించుకోవచ్చు. చచ్చిన కణాలు ఒకదానిమీద ఒకటి పెంకుల్లా పేర్చి ఉంటాయి. వాటి సందుల్ని సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు పూడ్చి ఉంచుతాయి. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి దుమ్మూ రసాయనాలూ లోపలికి దిగకుండా ఆపేది ఆ పూడికే. సబ్బుకు మురికేదో పూడికేదో తెలియదు, రెండింటినీ ఎంతో కొంత కడిగేస్తుంది. ఎంత కడుగుతుందన్నది నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది: సబ్బులో ఏ నూనె ఉంది, సోడా ఎంత పోశారు, వాసనకూ రంగుకూ ఏం కలిపారు, ఏ నీళ్లతో కడుక్కున్నారు.

ఇంట్లో చేత్తో చేసే ‘చేతి సబ్బులు’ ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతున్నాయి. అట్టపెట్టె మీద వేప, కలబంద, కుంకుమపువ్వు, మేకపాలు అని ముచ్చటగా రాసి ఉంటుంది. సున్నితమైన చర్మం ఉన్నవాళ్లకు ఆ పేర్ల కంటే పెట్టె మీద రాయని సంగతులే ఎక్కువ అక్కరకొస్తాయి. ఏమేం కలపకుండా వదిలేయాలో తెలియడమే ఈ విద్యలో మొదటి నేర్పని నా గట్టి నమ్మకం. తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నీళ్లనూ, పనులనూ, అడవినీ చూస్తే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది.

నీళ్లు, మిరప, బొగ్గు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలయ్యాయి. చాలా భాగం పాత వరంగల్ జిల్లా నేలే అయినా ఒంటి కష్టాలు మూడు చోట్లా మూడు రకాలు.

జనగామది మెట్ట ప్రాంతం, కింద గ్రానైట్ రాయి. లోతు బోర్ల నుంచి వచ్చే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీళ్లలో సబ్బుకు తొందరగా నురగ రాదు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి నీటిలో కరగని తెల్లటి మడ్డిగా మారతాయి. బకెట్ అంచున వలయంలా పేరుకునేది ఆ మడ్డే. అది ఒంటిమీద కూడా పలుచటి పొరగా మిగిలిపోతుంది. నురగ రాలేదని మనం ఇంకాస్త సబ్బు రుద్దుతాం, మడ్డి ఇంకాస్త పెరుగుతుంది. ఎండుచర్మం ఉన్నవాళ్లకు స్నానం అయిన పావుగంటకే కాళ్ల మీద తెల్లటి గీతలు పడడానికి సబ్బుతో పాటు నీళ్లదీ సగం బాధ్యత.

మహబూబాబాద్ మిరప పండే నేల. కాయ ఏరే రోజుల్లో కూలికి వెళ్లే ఆడవాళ్ల వేళ్లు రాత్రిదాకా మండుతూనే ఉంటాయి. మిరపకాయలో మంటపుట్టించే కాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా మంట తగ్గదు. ఘాటైన సబ్బుతో గట్టిగా తోమితే చర్మం మీది కొవ్వు పొర కూడా పోయి, మిగిలిన ఘాటు ఇంకా లోపలికి దిగుతుంది. ముందు కొంచెం నూనె రాసి, బట్టతో తుడిచి, ఆ తర్వాత నెమ్మదైన సబ్బుతో కడుక్కోవడం సరైన వరస.

భూపాలపల్లిలో సింగరేణి కేటీకే గనులున్నాయి, పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గు పొడి, గ్రీజు, చెమట కలిసిన మురికి మామూలు సబ్బుకు ఒక పట్టాన వదలదు. బట్టల సబ్బుతోనో, సోడా పొడితోనో ఒళ్లు తోముకునే అలవాటు కష్టజీవుల్లో ఉన్నదే. బట్టల సబ్బులో చర్మం కోసం మిగిల్చిన నూనె ఏమీ ఉండదు, పైగా సోడా కలుపుతారు. రోజూ దాంతో కడిగిన చేతుల్లో పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్లలోకి గ్రీజు దిగుతుంది. ఇక్కడా ముందు నూనె, తర్వాత సబ్బు అన్న వరసే పనికొస్తుంది.

పనిచేసే ఒంటికి సబ్బు చేయాలన్న ఆలోచన మన దక్షిణాదిలో కొత్తది కాదు. చెన్నైలో రైల్వే డాక్టరుగా ఉన్న వి.పి. సిధన్ రైల్వే కార్మికుల చర్మవ్యాధులు చూసి, మూలికల నూనెతో సబ్బు చేసి ఇవ్వడం మొదలుపెట్టారు. 1969లో పుట్టిన ఆ సబ్బే మెడిమిక్స్. అంతకు ముందే, 1940లో, కేరళలోని ఇరింజాలకుడలో సి.ఆర్. కేశవన్ వైద్యర్ కొబ్బరినూనె ఆధారంగా చంద్రిక సబ్బు తెచ్చారు. ఇద్దరూ తమ నేలలో దొరికే కొబ్బరినూనెను నమ్ముకున్నారు. మన అడవికి తనదైన నూనె మరొకటి ఉంది. దాని సంగతి చెప్పేముందు సబ్బు రాకముందు మనవాళ్లు ఏం వాడారో చూడాలి.

సబ్బుకు ముందు

సబ్బు రాకముందు బట్టకు చౌడు, తలకు కుంకుడు, ఒంటికి సున్నిపిండి వాడేవాళ్లు. ఎక్కడ ఏది వాడాలన్న ఈ విభజనలోనే పెద్ద తెలివి ఉంది.

ఎండాకాలంలో చౌటి నేలల మీద తెల్లగా పొంగే మన్నులో సోడియం కార్బొనేట్ ఉంటుంది. ఆ మన్ను కలిపిన నీళ్లలో బట్టలు నానేసి, బానలో ఉడకబెట్టి, చాకిరేవులో ఉతికేవారు. ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో దొరల పెత్తనానికి ఎదురునిలిచి తన పంటను కాపాడుకున్న చిట్యాల ఐలమ్మ రజక ఇల్లాలు. ఏ మన్నులో ఎంత క్షారం ఉందో చేత్తో తడిమి చెప్పగలిగిన జ్ఞానం అలాంటి కుటుంబాల్లో తరతరాలుగా నిలిచింది. ఆ చౌడు నీళ్ల పీహెచ్ 11 దాకా పోతుంది. నూలుబట్ట దాన్ని తట్టుకుంటుంది గాని చర్మం తట్టుకోదు. ఊరందరి బట్టలూ తెల్లగా చేసిన చేతులు పగిలిపోవడానికి ఆ క్షారమే కారణం.

కుంకుడుకాయ తత్వం వేరు. దాని తోలులో ఉండే సాపోనిన్లు నురగనిస్తాయి. అవి కొవ్వు ఆమ్లాల లవణాలు కావు కాబట్టి కాల్షియంతో కలిసి మడ్డి కట్టవు. ఉప్పునీళ్ల ఊళ్లలో కూడా కుంకుడు రసం చక్కగా పనిచేసేది అందుకే. దాని పీహెచ్ కూడా చర్మానికి దగ్గరగా కొద్దిగా ఆమ్లం వైపే ఉంటుంది. కంట్లో పడితే మాత్రం భగ్గుమంటుంది, చిన్నపిల్లల విషయంలో జాగ్రత్త తప్పదు. ఆ రసం నిలవ ఉండదు, ఒకటి రెండు రోజుల్లో పులుస్తుంది. అందుకే ఏ పూటకాపూట కాయలు కొట్టి వేడినీళ్లలో నానేసుకునేవాళ్లు. అదే రసాన్ని సీసాలో పోసి నెలల తరబడి అమ్మాలంటే నిలవ రసాయనం కలపక తప్పదు. అలాంటి రసాయనాల్లో ఒకటైన మిథైల్ ఐసోథయాజోలినోన్‌ను 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఆ సంవత్సరపు ముఖ్యమైన ఎలర్జీ కారకంగా ప్రకటించింది. గట్టి సబ్బుబిళ్లలో నీరు తక్కువ, క్షారం ఎక్కువ. దానికి అలాంటి నిలవ మందు అక్కర్లేదు. చేతి సబ్బుకు ఇది పెద్ద అనుకూలత.

సున్నిపిండి ఒంటికి నూనె రాసుకున్నాక రుద్దుకునేది. పెసలు, శనగపప్పు, బియ్యం విసిరి, కస్తూరి పసుపు, కచ్చూరాలు, వట్టివేళ్లు, కొందరి ఇళ్లలో బావంచాలు కలుపుతారు. పిండి నూనెను పీల్చుకుని మురికిని పట్టుకుని రాలిపోతుంది. నూనె పొర కొంత ఒంటిమీదే మిగులుతుంది. చర్మాన్ని ఎండగట్టకుండా శుభ్రం చేసే పద్ధతి ఇది. అయినా రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, పిండి బరకగా ఉంటే సున్నితమైన చర్మం గీసుకుపోతుంది. పలుచటి నూలుబట్టలో జల్లించి వాడాలి, రుద్దకుండా అద్ది కడిగేయాలి. రెండోది బావంచాలు. వాటిలో సోరాలెన్ ఉంటుంది. అది ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడవచ్చు. బొల్లి చికిత్సలో డాక్టర్లు ఇదే గుణాన్ని కొలతతో వాడుకుంటారు. పసిబిడ్డ సున్నిపిండిలోనూ, పొలానికి పోయేవాళ్ల సున్నిపిండిలోనూ బావంచాలు ఉండకూడదు. నిమ్మతొక్కల పొడి విషయంలోనూ ఇదే జాగ్రత్త మంచిది.

ఏ నూనె ఏం చేస్తుంది

సబ్బు గుణమంతా నూనెలోని కొవ్వు ఆమ్లాలతో వస్తుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని సబ్బు గట్టిగా ఉంటుంది, పెద్ద నురగనిస్తుంది, మురికిని బాగా లాగుతుంది. చర్మాన్ని ఎక్కువగా చికాకుపరిచేదీ ఈ లారిక్ సబ్బే. కొవ్వు ఆమ్లాల గొలుసు మరీ పొట్టిగా గానీ బాగా పొడుగ్గా గానీ ఉంటే చికాకు తక్కువ. పన్నెండు కర్బనాల లారిక్ సరిగ్గా చర్మపు కొవ్వును లాగే కొలతలో ఉంటుంది. అందుకని సున్నితమైన చర్మం కోసం చేసే సబ్బులో కొబ్బరినూనె నూటికి 15 నుంచి 20 పాళ్లు దాటకపోవడం మేలు. నురగ తగ్గుతుంది, నురగ తగ్గితే శుభ్రం తగ్గినట్టు కాదు.

ఇక మన అడవి నూనె సంగతి. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం, గూడూరు వైపు, భూపాలపల్లి జిల్లాలో మహాదేవపూర్, పలిమెల వైపు ఇప్ప చెట్లున్న అడవి ఉంది. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున రాలిన పువ్వును కోయలు, నాయకపోడ్లు, లంబాడాలు ఏరుకుంటారు. పువ్వు పేరు లోకానికంతా తెలుసు. తర్వాత కాయ పండి, ఎండాకాలం చివర్న గింజ చేతికొస్తుంది. ఆ గింజను తోలు తీసి, ఎండబెట్టి, గానుగాడిస్తే చిక్కటి నూనె వస్తుంది. చలికాలంలో అది వెన్నలా గడ్డకడుతుంది. గిరిజన ఇళ్లలో ఆ నూనె వంటకూ, దీపానికీ, ఒంటికీ వాడిందే.

సబ్బు చేసేవాళ్ల కంటితో చూస్తే ఇప్పనూనె అరుదైన పొందిక. ఇందులో సుమారు 40 శాతానికి పైగా ఓలిక్ ఆమ్లం ఉంటుంది, పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు రెండూ చెరో 20 శాతం ప్రాంతంలో ఉంటాయి. ఓలిక్ సబ్బు చర్మం మీద నెమ్మదిగా పనిచేస్తుంది, పామిటిక్, స్టియరిక్ సబ్బులు బిళ్లకు గట్టిదనమిస్తాయి. లారిక్ దాదాపు ఉండదు. పామాయిల్ తెప్పించుకోకుండానే గట్టి, నెమ్మదైన సబ్బు చేయడానికి కావలసిన ఎముక, కండ రెండూ ఒకే గింజలో ఉన్నాయన్నమాట.

తెలంగాణ మెట్టపొలాల ఆముదంలో రిసినోలిక్ ఆమ్లం దాదాపు 90 శాతం. నూటికి 5 పాళ్లు కలిపితే నురగ చిన్నచిన్న బుడగలతో వెన్నలా నిలుస్తుంది. ఎక్కువైతే బిళ్ల జిగురుగా, మెత్తగా అవుతుంది. తవుడునూనె, నువ్వులనూనె సబ్బుకు మృదుత్వమిస్తాయి. వాటిలో లినోలిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి పాళ్లు మించితే కొన్ని నెలలకు సబ్బు మీద నారింజరంగు చుక్కలు పడి ముక్కవాసన వస్తుంది. అలా చెడిన నూనె కూడా సున్నితమైన చర్మాన్ని చికాకుపెడుతుంది, ఆ బిళ్ల పారేయాలి.

వేపనూనె, కానుగనూనె తామరకూ గజ్జికీ ఊళ్లలో ఎప్పటినుంచో రాసినవే. సబ్బులో కూడా వాటికి చోటుంది, అయితే ఘాటు వాసన ఉన్న ఆ నూనెలు నూటికి 10 పాళ్ల లోపు చాలు. వేప సహజమైనది కాబట్టి ఎవరికైనా పడుతుందనుకోవడం పొరపాటు. వేపనూనె తగిలి దద్దు లేచినవాళ్లూ ఉన్నారు. ఇంకో మాట కూడా ఉంది. కడిగేసుకునే సబ్బు ఏ జబ్బునూ నయం చేయదు. మందులా పనిచేయాల్సింది ఒంటిమీద ఉండే లేపనం. సబ్బు పని హాని చేయకుండా కడగడం.

కొలత, ఓపిక

ఒక్కో నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి ఒక్కో లెక్క సోడా కావాలి. గ్రాము కొబ్బరినూనెకు సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది, ఇప్పనూనెకు 0.137, తవుడునూనెకు 0.133, ఆముదానికి 0.128. ఉదాహరణకు 500 గ్రాముల ఇప్పనూనె, 250 గ్రాముల తవుడునూనె, 200 గ్రాముల కొబ్బరినూనె, 50 గ్రాముల ఆముదం తీసుకుంటే మొత్తానికి దాదాపు 145 గ్రాముల సోడా లెక్కకొస్తుంది. అంతా పోయకూడదు. అందులో 6 శాతం తగ్గించి 136 గ్రాములే పోస్తే కొంత నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది. దీన్నే సూపర్‌ఫ్యాట్ అంటారు. చర్మపు పూడికను కొంత కాపాడేదీ, కొలతలో చిన్న తేడా వచ్చినా సోడా మిగలకుండా చూసేదీ ఆ మిగులు నూనే. సున్నితమైన చర్మానికి 5 నుంచి 8 శాతం మిగులు మంచిది. గానుగ ఇప్పనూనె గుణం గింజ నిలవను బట్టి మారుతుంది. తడిసి బూజుపట్టిన గింజ నూనెలో విడి ఆమ్లాలు పెరుగుతాయి. కాబట్టి ప్రతి కొత్త డబ్బా నూనెకూ లెక్క మళ్లీ చూసుకోవాలి.

సోడాను నీళ్లలో కొంచెం కొంచెంగా పోయాలి. నీళ్లను సోడా మీద పోస్తే ఒక్కసారిగా పొంగి మొహం మీద చిమ్ముతుంది. స్టీలు గిన్నె వాడాలి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు పుడుతుంది. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు, పక్కన పిల్లలు లేకపోవడం తప్పనిసరి. సోడా నీళ్లు, నూనె రెండూ గోరువెచ్చగా చల్లారాక కలిపి, మజ్జిగలా చిక్కబడే దాకా కలియదిప్పుతారు. గరిట ఎత్తితే పైన గీత నిలిచే ఆ దశను సబ్బు చేసేవాళ్లు ట్రేస్ అంటారు. అప్పుడు అచ్చుల్లో పోస్తారు.

ట్రేస్ దగ్గర చివరగా ఖరీదైన నూనె పోస్తే అదే మిగులుతుందని చాలామంది అనుకుంటారు. ఇలా ఉడికించకుండా చేసే చల్లటి పద్ధతిలో నూనె సబ్బుగా మారడం ఎక్కువ భాగం అచ్చులోకి వెళ్లాకే జరుగుతుంది. సోడా ముందొచ్చిన నూనె, వెనకొచ్చిన నూనె అని చూడదు. కషాయాలు, పాలు, కలబంద గుజ్జు సంగతీ ఇలాంటిదే. అంత క్షారంలో వాటి సున్నితమైన గుణాలు చాలామట్టుకు నశిస్తాయి. చెట్టుపేరు కోసం కలిపిన ప్రతిదీ చర్మానికి ఇంకో పరీక్ష మాత్రమే.

ఉప్పునీళ్ల ఊళ్లకు ఒక మంచి ఉపాయం ఉంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం సోడాతో కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది. అది నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుని మడ్డి తగ్గిస్తుంది. గ్రాము సిట్రిక్ ఆమ్లం 0.62 గ్రాముల సోడాను తినేస్తుంది కాబట్టి ఆ మేరకు సోడా పెంచి లెక్క కట్టాలి. జనగామ బోరునీళ్లకు చేసే సబ్బులో నేను కోరుకునే ఒకే ఒక అదనపు సరుకు ఇదే.

నూనె సబ్బుగా మారడం రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, ఒంటికి పడే సబ్బు కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. నీడలో, గాలి తగిలేచోట ఆరబెడితే నీరు పోయి బిళ్ల గట్టిపడుతుంది, నురగ మృదువవుతుంది. మన ఎండాకాలం దీనికి అనువైనది. వానకాలపు ముసురులో సబ్బు మీద చెమట పట్టినట్టు చుక్కలు కనబడతాయి. సబ్బులోని గ్లిసరిన్ గాలిలోని తేమను లాగుతోందని దాని అర్థం. నూరు గ్రాముల నూనె సబ్బయితే దాదాపు పది గ్రాముల గ్లిసరిన్ పుడుతుంది. పెద్ద కర్మాగారాలు చాలావరకు దాన్ని వేరుచేసి విడిగా అమ్ముకుంటాయి. చేతి సబ్బులో అదంతా బిళ్లలోనే ఉండి తేమను పట్టి ఉంచుతుంది. చేతి సబ్బుకు నిజంగా ఉన్న విలువల్లో ఇది ముఖ్యమైనది.

వదిలేయాల్సినవి

సున్నితమైన చర్మానికి అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది వాసనతో వస్తుంది. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్, లవంగనూనెలో యూజినాల్, దాల్చినచెక్క నూనెలో సినమాల్డిహైడ్ ఉంటాయి. మూడూ చెట్టు నుంచి వచ్చినవే, మూడూ ఎలర్జీ తెప్పించగలవే. ఐరోపాలో చాలాకాలం 26 సువాసన పదార్థాలను, కడిగేసే వస్తువులో 0.01 శాతం మించితే పెట్టె మీద పేరుపేరునా రాయాలన్న నియమం ఉండేది. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. వాసన లేని సబ్బు అమ్ముడుపోదని చేసేవాళ్లు భయపడతారు. ఆరిన ఇప్పసబ్బుకు ఉండే కమ్మటి మట్టివాసనే దాని గుర్తింపు అని కొనేవాళ్లు అలవాటు పడితే ఆ భయం పోతుంది.

రంగు కోసం మెరుపుపొడులు, గీరుడు కోసం వాల్‌నట్ పొడి, కాఫీ పొడి, ఓట్స్ గింజలు కలపడం ఇప్పుడు వాడుక అయింది. గీసుకున్న చర్మం మీద క్షారం పడితే మంట రెట్టింపవుతుంది. పసుపు కూడా అరుదుగా కొందరికి దద్దు తెప్పిస్తుంది. సున్నితమైన చర్మానికి చేసే సబ్బులో నూనెలు, సోడా, నీళ్లు, కావాలంటే కొంచెం సిట్రేట్, అంతే ఉండాలి. సరుకులు తక్కువైతే, ఒకవేళ పడకపోయినా ఏది పడలేదో తేల్చుకోవడం సులువు.

చేతి సబ్బు పేరుతో అమ్మేవాటిలో కొన్ని నిజానికి తయారుగా దొరికే బేస్‌ను కరిగించి, రంగూ వాసనా కలిపి అచ్చుపోసినవి. అందులో తప్పేమీ లేదు, బేస్‌లో ఏముందో చెప్పాలి. కొన్ని బేస్‌లలో సోడియం లారిల్ సల్ఫేట్ ఉంటుంది, ఎండుచర్మానికి అది గట్టి పరీక్ష. 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం అమ్మకానికి సబ్బు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి లైసెన్సు తీసుకోవాలి, పెట్టె మీద సరుకుల జాబితా, బ్యాచ్ నంబరు, తేదీ ఉండాలి. పెట్టె మీద కనబడే టీఎఫ్‌ఎం అంటే సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం. భారతీయ ప్రమాణం ఐఎస్ 2888 దాన్ని బట్టి స్నానపు సబ్బును గ్రేడ్లుగా విడదీస్తుంది: 76 శాతం పైన ఉంటే మొదటిది, 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది. బాతింగ్ బార్ అని రాసినవాటికి 40 శాతం ఉన్నా చాలు. టీఎఫ్‌ఎం ఎక్కువగా ఉండడం మంచిదే. అయితే ఆ అంకె ఏ నూనెదో చెప్పదు. వట్టి కొబ్బరినూనె సబ్బుకు కూడా పెద్ద అంకె రావచ్చు, అది చర్మాన్ని ఎండగట్టనూ వచ్చు.

ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు

కొత్త సబ్బును ముందు ముంజేతి లోపలివైపు చిన్నచోట నురగ చేసి, నిమిషం ఉంచి కడిగేయాలి. ఇలా రోజుకు రెండుసార్లు వారం పాటు చేసి, ఎరుపూ దురదా రాకపోతే ఒంటికి వాడొచ్చు. సబ్బుముక్కను ఒంటికి కట్టి ఉంచి పరీక్షించకూడదు. అలా చేస్తే ఎంత మంచి సబ్బయినా చర్మం కమిలేలా చేస్తుంది.

తామర ముదిరినవాళ్లకు, చిన్నప్పటినుంచి ఎగ్జిమా ఉన్న పిల్లలకు, చర్మం చిట్లి రసి కారుతున్నప్పుడు, ఎంత నేర్పుతో చేసిన చేతి సబ్బైనా క్షారమే అన్న సంగతి గుర్తుంచుకోవాలి. అలాంటప్పుడు కృత్రిమ డిటర్జెంట్లతో చేసి, చర్మపు పీహెచ్‌కు దగ్గరగా ఉంచే సిండెట్ బార్లు వాడమని డాక్టర్లు చెబుతారు. ఆ మాట వినడం చేతి విద్యను తక్కువ చేయడం అవదు. పసిబిడ్డకు పుట్టిన కొత్తలో సబ్బు అవసరమే తక్కువ. ఒంటి వెంట్రుకలు పోతాయని సున్నిపిండి ముద్దతో గట్టిగా నలుగు పెట్టడం ఆ పలుచటి చర్మానికి హాని. మెత్తటి బట్ట, గోరువెచ్చటి నీళ్లు చాలు. పెద్దలకైనా నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు, సబ్బు చంకలకూ గజ్జలకూ పాదాలకూ మురికిపట్టినచోటికీ పరిమితం చేయాలి. ఒళ్లు తడి ఆరకముందే కొంచెం కొబ్బరినూనో లేపనమో రాసుకుంటే స్నానంలో పోయిన పూడిక కొంత తిరిగొస్తుంది.

అడవి నూనెకు దక్కాల్సిన చోటు

1957లో ఏర్పడిన ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్, వేప, కానుగ, ఇప్ప వంటి నూనెలతో సబ్బు చేయడాన్ని గ్రామీణ పరిశ్రమగా చేరదీసింది. 2013–14లో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు ఇప్పగింజ, కానుగగింజ రెండూ తొలి జాబితాలో ఉన్నాయి. గింజకు ధర ఉందంటే సరిపోదు. గింజ ఏరిన ఊరిలోనే అది నూనె అయి, నూనె సబ్బయినప్పుడు వచ్చే విలువ ఆ ఇళ్లకు చేరాలి. ఏటూరునాగారం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో ఈ జిల్లాల గిరిజన గూడేలున్నాయి, ఊరూరా మహిళా సంఘాలున్నాయి. వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయపు ఫార్మసీ కళాశాల ఉంది. సంఘాలు తెచ్చిన ప్రతి గానుగ నూనెకూ సోడా లెక్క, తయారైన ప్రతి బ్యాచ్‌కూ మిగిలిన క్షారం పరీక్ష అక్కడ చేసిస్తే చాలు. సబ్బు చేసేవాళ్లకు ఇప్పుడు లేనిది అలాంటి తోడే. నూనె తెలిసిన చేతులకూ అంకె తెలిసిన ప్రయోగశాలకూ మధ్య దూరం మరీ ఎక్కువేమీ కాదు.

కొనేవాళ్ల వంతు కూడా ఉంది. ఏ నూనెలు, ఎంత మిగులు, ఎన్ని వారాలు ఆరబెట్టారు, వాసనకు ఏం కలిపారు అని అడగండి. తడుముకోకుండా చెప్పగలిగినవాళ్ల దగ్గర కొనండి, ఆరువారాల ఓపికకు తగ్గ ధర ఇవ్వండి. మిరపతోట నుంచి, గని నుంచి, నాటు మడి నుంచి ఇంటికొచ్చిన ఒంటికి ఇంకో మంట తగలకుండా కడగగలిగితే ఆ బిళ్ల మంచి సబ్బు. దానికి కావలసిన గింజ మన అడవిలోనే రాలుతోంది.